బావిని గాచు బురద

(చమురుబావుల పనికి బోవు యువకుల యెదుట చేసిన ప్రసంగము)



చమురుబావి యనగానే జనుల కన్నులకు గట్టునది ఉక్కుగోపురము, ఘోషించు యంత్రము. ఆ గోపురము ప్రక్కన తొట్లలో సుళ్లు దిరుగు బురదను జూచువారు అరుదు. మేము నేడు ఆ బురదను గూర్చియే మాటలాడ వచ్చితిమి. భూగర్భమందలి ఒత్తిడిని రేయింబవళ్లు అణచియుంచు మొదటి కావలి అదియే. బావిమూతికి బిగించు ఉక్కుకవాటములు రెండవ కావలి మాత్రమే.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున 1901 జనవరిలో చమురు చిమ్మిన స్పిండిల్‌టాప్ బావిని త్రవ్వునపుడు, ఇసుకపొర నిలువక కూలుచుండగా, పనివారు పశువులను నీటిగుంటలో త్రొక్కించి, ఆ బురదను బావిలోనికి పంపిరని చెప్పుదురు. నాటి పశువుల త్రొక్కుడే నేడు శాస్త్రమైనది.

ఒక్క లెక్క వినుడు. పది మీటర్ల నీటినిలువు చదరపు సెంటీమీటరుపై సుమారు 1 కిలో బరువు మోపును. 3000 మీటర్ల బావిలో మంచినీరు నింపినచో అడుగున 300 కిలోలు. నీటికి 1.2 రెట్లు బరువుగల బురద నింపినచో 360 కిలోలు. అడుగుపొరలోని గ్యాసు 330 కిలోలతో నెట్టుచున్నదనుకొనుడు. నీరు ఓడును, బురద నిలుచును. ఈ బరువు నిచ్చునది బెరైటీసు. మనవారు ముగ్గురాయి యందురు. శుద్ధమైన పొడి నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు. కడప సీమలోని మంగంపేటలో నున్న ముగ్గురాతి నిక్షేపము జగత్ప్రసిద్ధము. ఆ రాయి ఓడలెక్కి పరదేశముల బావులను గాచుచున్నది. మంచిదే. కాని రాతిని ద్రవ్వి అమ్ముటతోనే మన వంతు తీరినదని తలచుట మాకు సమ్మతము గాదు. దానిని కలుపు విద్యయు మన బిడ్డల చేత నుండవలెను.

అయితే బరువైన పొడి వట్టినీటిలో నిలువదు, అడుగంటును. దానిని మోయుటకు బెంటొనైటు మట్టి కావలెను. మన దేశమున నది కచ్ఛు, బాడ్‌మేరు ప్రాంతములలో దొరకును. ముందు నీటిని పరీక్షింపుడు. సున్నపు కఠినత్వ మున్నచో మట్టి ఉబ్బదు. సోడాయాష్ వేసి దానిని విరువవలెను. పిమ్మట ఘనమీటరు నీటికి 60, 70 కిలోల మట్టిని గరాటుగుండ మెల్లమెల్లగా చల్లవలెను. బస్తాను ఒక్కమారు బోర్లించినచో ఏమగునో జావ కాచు ఏ యిల్లాలినడిగినను జెప్పును: ఉండకట్టును, లోన పొడి పొడిగానే యుండును. కలిపినవెంటనే పని ముగిసినదనుకొనరాదు. కొన్ని గంటలు నాననీయుడు. సముద్రతీరమున ఉప్పునీరే దిక్కైనచో, మట్టిని మొదట మంచినీట నానబెట్టి పిదప ఉప్పునీట కలుపవలెను. ఉప్పునీట నేరుగా వేసిన మట్టి వ్యర్థము. కొలదిగా కాస్టిక్‌సోడా వేసి క్షారగుణమును 9, 10 అంకెల నడుమ నిలుపుదురు. ముగ్గురాయి చేరునది కట్టకడపటనే.

ఇట్లు కుదిరిన బురద కదలినపుడు పారును, నిలిచినపుడు పేరుకొనును. పంపు ఆగినను రాతిముక్కలను జారనీయక పట్టియుంచును.

కలుపుట కంటె కాపాడుట కష్టము. ప్రతి మీటరు త్రవ్వకముతోను నలిగిన రాయి బురదలో జేరును. జల్లెడకు జిక్కని సన్నపొడి బరువును పెంచును గాని అది మేలిబరువు గాదు. బావిగోడపై మందమైన పొరగట్టి గొట్టమును పట్టివేయును. పలుచన చేయుదమని నీరు గ్రుమ్మరించువాడు బరువును, మట్టిబలమును ఒక్కసారి పోగొట్టును. పోనీ బరువు హెచ్చించుదమన్న, రాయి పగిలి బురదను మ్రింగును, మట్టము దిగును, గ్యాసు లేచును. కావున కొలతయే శరణ్యము. 1931లో వెలువడిన మార్ష్ గరాటు నేటికిని చాలును: 946 మిల్లీలీటర్లు జారుటకు మంచినీటికి 26 సెకండ్లు పట్టును, బురద కెంత పట్టెనో నిన్నటి అంకెతో పోల్చిచూడుడు. దానితో త్రాసుపై బరువును జూడుడు. నడిరేయి నిద్రమత్తున కొలువకయే వెనుకటి అంకెను తిరిగి వ్రాయుట కంటె ఈ వృత్తిలో నీచమైన పని మాకు దోచదు.

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావి అదుపుదప్పి, అరువది దినములకు పైగా మండినది. గ్రామస్థులు ఇండ్లు విడిచి పోవలసి వచ్చెను. దానికి బురదయే హేతువని మేము చెప్పుట లేదు. పాతాళమందలి గ్యాసు చేయిదాటినచో ఎవరి కొంప లంటుకొనునో చెప్పుచున్నాము.

తుదకు ఒక్క మాట. గొట్టములను పైకి లాగునపుడు ఉక్కు తొలగినంత మేర బావిలో మట్టము తగ్గును; ఆ మేర బురద నింపవలెను. ఎంత పట్టెనో వ్రాయుడు. పట్టవలసినంత పట్టకున్నచో ఆ చోటును మరియొకటి యాక్రమించినదన్నమాట. అపుడు లాగుట మాని, పైయధికారి నిద్రించుచున్నను లేపుడు.