పదో భాగం చదవాలంటే



ఒక చరిత్ర అధ్యాపకుడి పేరిట ఏర్పడిన ధర్మనిధి సభలో చైనీసు భాష గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ముందు ఆశ్చర్యపోయారు. ఉద్యోగానికి, వ్యాపారానికి ఆ భాష పనికొస్తుందని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మాట వాళ్లకే వదిలేస్తాను. మన చరిత్ర మనం చదువుకోవడానికి చైనీసు కావాలన్నదే నా వాదన.

హ్యుయాన్‌త్సాంగ్ అనే చైనా బౌద్ధ యాత్రికుడు 7వ శతాబ్దంలో ఆంధ్రదేశం వచ్చాడు. 646లో పూర్తయిన ఆయన యాత్రాగ్రంథం 12 భాగాలు. మన ప్రాంతం పదో భాగంలో ఉంది. ఇక్కడి మాట మధ్యదేశపు మాటకన్నా వేరని, లిపి మాత్రం చాలావరకు ఒకటేనని అందులో రాశాడు. నన్నయకు సుమారు నాలుగు వందల ఏళ్ల ముందు మన నేలమీది భాషను ఒక పరదేశి చెవిపెట్టి విన్నాడన్నమాట! ధాన్యకటకంలో సుభూతి, సూర్యుడు అనే భిక్షువుల దగ్గర నెలల తరబడి మహాసాంఘికుల అభిధర్మం చదివాడని, వాళ్లు ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదువుకున్నారని ఆయన జీవితచరిత్ర చెబుతోంది. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అన్న పట్టింపు ఆ ముగ్గురికీ ఉన్నట్టు లేదు.

ఇవన్నీ మనకు అనువాదాల మీదుగానే అందాయి. 1857-58లో జూలియన్ ఫ్రెంచి అనువాదం, 1884లో బీల్ ఇంగ్లీషు అనువాదం వచ్చాయి. 1904-05లో అచ్చయిన వాటర్స్ వ్యాఖ్య ఆ ఇద్దరినీ చాలాచోట్ల సరిదిద్దింది. ధాన్యకటక నగరానికి తూర్పున పూర్వశైల విహారం, పడమర అపరశైల విహారం అన్న వర్ణన పట్టుకుని చరిత్రకారుడు ఫెర్గూసన్ ఆ నగరం బెజవాడే అన్నాడు. కాదు, అమరావతి పక్కన ధరణికోట అన్నారు బర్జెస్ వంటివాళ్లు. మన ఊరి గురించిన తగవులో మనం మూలం తెరవకుండా ఏదో ఒక పక్షం చేరాల్సివచ్చింది. నాకిది కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే సుహృల్లేఖ సంగతీ అంతే. చైనీసులో దానికి మూడు ప్రాచీన అనువాదాలున్నాయి. ఒకటి చైనా యాత్రికుడు ఇత్సింగ్ చేసింది. మన దేశంలో విద్యార్థులు చదువు మొదట్లోనే దాన్ని కంఠస్థం చేసేవారని చెప్పినదీ ఆయనే.

ఈ దారిలో నడిచినవాళ్లు లేకపోలేదు. 1937 ఏప్రిల్ 14న శాంతినికేతన్‌లో రవీంద్రుడు చీనాభవన్ ప్రారంభించాడు. తాన్ యున్‌షాన్ దాని తొలి అధ్యక్షుడు. ప్రబోధచంద్ర బాగ్చీ ప్రాచీన సంస్కృత-చైనీసు నిఘంటువులు రెండింటిని పరిష్కరించాడు. అవతల చైనా వైపు నుంచి చీ షియెన్‌లిన్ జర్మనీలో సంస్కృతం నేర్చి, సాంస్కృతిక విప్లవం రోజుల్లో కాపలా పని చేస్తూ వాల్మీకి రామాయణాన్ని చైనీసు పద్యాల్లోకి తెచ్చాడు. అది 1980 నుంచి 1984 దాకా అచ్చయింది. దాని పక్కన పెట్టడానికి మన దగ్గర ఏముంది?

నేర్వడం కష్టమా అంటే, అవును. 2013లో చైనా ప్రభుత్వం ప్రకటించిన అక్షరాల పట్టికలో 8,105 ఉన్నాయి. నిత్యవ్యవహారానికి మొదటి 3,500 చాలు. అయితే ఉచ్చారణలో తెలుగువాడికి కొంత సౌకర్యం ఉంది. 1958 నుంచి వాడుకలో ఉన్న పిన్‌యిన్ రోమన్ లిపిలో ‘బి’, ‘పి’ అని కనిపించేవి నిజానికి మన ప, ఫ ల జంటకు దగ్గర. తేడా ఊపిరి ఒత్తులోనే ఉంది. ‘జెడ్’ అని రాసేది చాప, చుక్క అన్నప్పుడు మనం పలికే దంత్య చకారమే. ఇంగ్లీషు బడి అలవాటుతో చదివితేనే ఇవి పాడవుతాయి. స్వరస్థాయిల్లో మాత్రం మనకు ఏ వెసులుబాటూ లేదు. చెవి కుదిరేదాకా వినాల్సిందే.

ఇంకో చిక్కు. హైదరాబాదులో ఇఫ్లూ వంటి విశ్వవిద్యాలయంలో నేర్పే నేటి చైనీసుతో పత్రిక చదవొచ్చు, సినిమా చూడొచ్చు. హ్యుయాన్‌త్సాంగ్ రాసింది ప్రాచీన గ్రాంథికం. విరామచిహ్నాలు లేవు, కర్త తరచు కనిపించడు. దానికి బౌద్ధ పరిభాష తెలియాలి, సంస్కృతమో పాళీయో కొంత రావాలి. అందువల్ల చైనీసు విభాగం ఒక్కటే ఈ పని చేయలేదు. శాసనాలు చదివే విద్యార్థిని, చైనీసు చదివే విద్యార్థిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒక విద్యాసంవత్సరం పదో భాగంలోని ఆంధ్ర, ధాన్యకటక వర్ణనలు మాత్రమే అక్షరం అక్షరం చదివించండి. మూలం, తెలుగు అనువాదం, తవ్వకాల ఆధారాలు ఒకే పుస్తకంలో వేయండి. ఈ ధర్మనిధి వడ్డీలో కొంత అందుకు కేటాయించమని నిర్వాహకులను కోరుతున్నాను.