తక్కెడ తప్పా, రాయి తప్పా?



మేము బిల్డింగు పనివాళ్లం. నీళ్ల శుద్ధి మా చదువు కాదు. కానీ గల్ఫ్‌లో బిల్డింగు కట్టి అప్పగించేటప్పుడు ట్యాంకులు, పంపులు, నీళ్లలో మందు కలిపే మిషను అన్నీ నడిపి చూపించాల్సింది సైటు వాళ్లే. మనం ఉండే కొన్ని క్యాంపుల్లో కూడా ఆ మిషన్లే ఉన్నాయి. వాటి సెన్సార్ల క్యాలిబ్రేషన్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము చేసిన ఒక తప్పుతోనే మొదలుపెడతాం.

మా క్యాంపుకు నీళ్లు ట్యాంకరులో వస్తాయి. కింది ట్యాంకులో నింపి, అందులో క్లోరిన్ డయాక్సైడ్ కలిపి గదులకు పంపుతారు. ఎండలకు నీళ్లు వేడెక్కితే లెజియోనెల్లా లాంటి క్రిములు పెరుగుతాయి, అందుకే ఆ మందు. నీళ్లలో మందు ఎంత ఉందో సెన్సార్ చెబుతుంది. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు ఉండేలా డోసింగ్ పంపు దాని మాట విని మందు వదులుతుంది.

ఒకరోజు క్యాలిబ్రేషన్ మా వంతు వచ్చింది. పంపు గదిలో ఉక్కపోత తట్టుకోలేక, సీసాలో నీళ్లు పట్టుకుని ఎండలో నడిచి ఆఫీసుకు వచ్చాం. చాయ్ తాగాం. అరగంట తర్వాత పరీక్ష చేస్తే 0.1 వచ్చింది. సెన్సారేమో 0.3 అంటోంది. సెన్సారే తప్పనుకుని దాన్ని 0.1కి దిద్దాం. లాగ్‌బుక్‌లో సంతకం కూడా పెట్టాం.

సాయంత్రం స్నానానికి వెళ్లిన తమ్ముడొకడు వచ్చి, "అన్నా, సబ్బు పెట్టకముందే కళ్లు మండుతున్నాయి" అన్నాడు. పరుగెత్తి ట్యాంకు దగ్గరే పరీక్షిస్తే 0.9 ఉంది. అమెరికా తాగునీటి నియమం ప్రకారం ఇది 0.8 దాటకూడదు. వెంటనే డోసింగ్ ఆపి, నీళ్లు వదిలేసి, తాగడానికి బాటిళ్లు తెప్పించాం.

జరిగిందేమిటంటే, క్లోరిన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగిన గ్యాసు. ఎండ తగిలితే విరిగిపోతుంది, సీసా కదిలితే గాలిలో కలిసిపోతుంది. మేము పరీక్ష చేసేసరికి సీసాలో మిగిలింది మూడో వంతు. సెన్సార్ నిజమే చెప్పింది. మేమే దాన్ని మూడో వంతు చెప్పేలా దిద్దాం. అది మళ్లీ 0.3 చూపించేదాకా పంపు మందు పోస్తూనే ఉంది.

మన ఊరి కిరాణా కొట్టులో తూచేముందు ఖాళీ తక్కెడ ఎత్తి పాసంగం చూస్తారు కదా, క్యాలిబ్రేషన్ కూడా అలాంటిదే. కానీ తక్కెడ ఎంత మంచిదైనా తూకపురాయి తప్పైతే తూకం తప్పే. ఆ రోజు మా తక్కెడ మంచిదే, రాయే తప్పు.

పీహెచ్ సెన్సార్‌కు ఆ రాయి సీసాలో దొరుకుతుంది, దాన్నే బఫర్ అంటాం. ముందు ప్రోబ్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. తుడవకూడదు, టిష్యూతో అద్దాలి. మొదట 7 బఫర్‌లో, తర్వాత 4 లేదా 10 బఫర్‌లో పెట్టి, అంకె నిలకడగా నిలిచాకే ఓకే చేయాలి. వాడిన బఫర్‌ను తిరిగి సీసాలో పోయవద్దు. 10 బఫర్ మూత తీసి ఉంచితే గాలికే దిగిపోతుంది. వేడికి బఫర్ విలువ మారుతుంది, సీసా మీది పట్టిక చూసుకోండి. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కు 59 మిల్లీవోల్టులు రావాలి. ఆ స్లోప్ 85 శాతం కన్నా దిగితే సాధారణంగా ప్రోబ్ మార్చాల్సిందే. పని అయ్యాక ప్రోబ్‌ను ఆరనివ్వకూడదు, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టనూకూడదు. పొటాషియం క్లోరైడ్ ద్రవంలో ఉంచాలి.

క్లోరిన్ డయాక్సైడ్‌కు అలా నిల్వ ఉండే రాయి లేదు. అప్పటికప్పుడు మనమే చేసుకోవాలి. ముందు సెన్సార్ గుండా నీళ్లు సరిగ్గా పారుతున్నాయా చూడండి. ఫిల్టరు మూసుకుపోతే సెన్సార్ తక్కువ చూపిస్తుంది, పంపు ఎక్కువ పోస్తుంది. అంకె నిలకడగా ఉన్నప్పుడు, సెన్సార్ పక్కనున్న కుళాయి నుంచే నీళ్లు పట్టి, అక్కడే, అప్పుడే డీపీడీ పరీక్ష చేయండి. ట్యాంకరు నీళ్లలో మామూలు క్లోరిన్ కూడా ఉంటే ముందు గ్లైసిన్ వేయాలి, లేకపోతే రెండూ కలిపి చూపిస్తుంది. మీటరు ఫలితాన్ని క్లోరిన్‌గా చూపిస్తే 1.9తో గుణించాలి. రెండోసారి పరీక్షించినా అదే అంకె వస్తేనే సెన్సార్‌ను ముట్టుకోండి.

ఇంకొక మాట. డోసింగ్ గదిలో ఘాటు వాసన వస్తే లోపలికి వెళ్లవద్దు. అంకె కోసం ఊపిరితిత్తులు పాడుచేసుకోవద్దు.

ఆ రోజు లాగ్‌బుక్‌లో "సెన్సార్ ఫాల్ట్" అని రాసెయ్యమన్నవాళ్లున్నారు. మాకూ భయమే, జీతంలో కోస్తారేమోనని. కానీ అలా రాస్తే మంచి సెన్సార్ తీసేసి కొత్తది పెడతారు. తర్వాత వచ్చేవాడు మళ్లీ సీసా పట్టుకుని ఆఫీసుకే నడుస్తాడు. అందుకే జరిగింది జరిగినట్టు రాశాం. ఇప్పుడు పరీక్ష డబ్బా పంపు గదిలోనే ఉంటోంది.

మీ క్యాంపులో నీళ్ల వాసన మారినా, కళ్లు మండినా ఊరుకోకండి, వెంటనే చెప్పండి. ఆ తమ్ముడు చెప్పకపోయుంటే, స్క్రీన్ మీద 0.3 చూసుకుని మేము హాయిగా నిద్రపోయేవాళ్లం.

సెలవు.