కాపీ ఉంటే చాలదు, తెరిచి చూడాలి

(అగళిలో పాల సంఘాల కార్యదర్శుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



మన అగళి బజారులో తెలుగు, కన్నడం రెండూ నడుస్తాయి. బేరసారాలకు ఎవరికీ చిక్కు రాదు. మన ఆఫీసుల్లోని కంప్యూటర్లకు మాత్రం అంత సర్దుబాటు లేదు. పాలు పోసే చోట విండోస్ యంత్రం, లెక్కల గదిలో లినక్స్ యంత్రం, కార్యదర్శి చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటున్నాయి. మూడూ ఒకే నెట్‌వర్కులో ఉన్నంత మాత్రాన లెక్కలు భద్రమని అనుకోరాదు.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో కార్యదర్శి ప్రతి సాయంత్రం లెక్కల ఫైలును లినక్స్ యంత్రంలోకి కాపీ చేసేవారు. శ్రద్ధలో లోపం లేదు. మేమూ నివేదికలో ‘బ్యాకప్ కలదు’ అని రాశాము. విండోస్ యంత్రం డిస్కు చెడిపోయిన రోజున ఆ కాపీ తెరుచుకోలేదు. ప్రోగ్రాం నడుస్తుండగానే కాపీ చేసినందున డేటాబేసులో సగం పాతది, సగం కొత్తది చేరింది. పదిహేను రోజుల బిల్లు ఆగింది. సభ్యులు దాచుకున్న చీటీలు చూసి లీటర్లు, వెన్న శాతం మళ్లీ ఎక్కించవలసి వచ్చింది. చీటీ పోగొట్టుకున్నవారి మాటేమిటి? ఒక్క ఆవు మీద బతికే ఇల్లాలికి ఆ సొమ్మే దాణా, ఆ సొమ్మే బియ్యం.

ఇంకొక ప్రమాదం ఉంది. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి. విండోస్ ఫైల్ షేరింగులోని లోపం గుండా అది పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది. ఆ లోపానికి దిద్దుబాటు మార్చిలోనే వచ్చినా అందరూ వేసుకోలేదు. ఇటువంటి వైరస్ లినక్స్ యంత్రాన్ని పట్టకపోయినా, విండోస్ నుండి రాయడానికి తెరిచి ఉంచిన లినక్స్ ఫోల్డరులోని కాపీలకూ తాళం పడుతుంది.

కనుక నాలుగు పనులు చేయండి.

ఒకటి: లెక్కల ప్రోగ్రాంలోని బ్యాకప్ మీట నొక్కి కాపీ తీయండి. ఆ మీట లేకుంటే ప్రోగ్రాం మూసిన తరువాతే తీయండి. ఫోనులో నమోదైనది ఆనాడే లెక్కల్లో చేర్చండి.

రెండు: విండోస్ పంపడం కాక, లినక్స్ యంత్రమే కాపీని అడిగి తీసుకోవాలి. ఉచితంగా దొరికే బాకులా వంటి సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. సర్వర్ లినక్స్‌లో, దానికి జవాబిచ్చే చిన్న ప్రోగ్రాం విండోస్‌లో ఉంటాయి.

మూడు: ఒక కాపీ బయటి డిస్కులో తీసి, తీగ ఊడదీసి, వేరే చోట భద్రపరచండి. ఆ డిస్కు ఫ్యాట్32 పద్ధతిదైతే 4 జీబీ మించిన ఫైలు పట్టదు.

నాలుగు: నెలకొకసారి ఆ కాపీని వేరే యంత్రంలో తెరిచి, ఒక సభ్యుని బిల్లును అతని పాల పుస్తకంతో సరిచూడండి. ఫలితాన్ని మినిట్స్ పుస్తకంలో రాయండి.

ఇకపై తనిఖీకి వచ్చినప్పుడు ‘బ్యాకప్ ఉన్నదా?’ అని మేము అడగము. ‘తెరిచి చూపండి’ అంటాము.