ఇంటి ఇంటర్నెట్టులో పరస్పర పంపిణీ: ఆటంకములు, నివారణోపాయములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

మన గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు పూర్తిచేసికొన్న ఈ శుభసమయమున మీతో నాలుగు మాటలు చెప్పు అవకాశము కలిగించినందులకు కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. ఇట్టి సభలలో గ్రంథపఠన ప్రాశస్త్యమును వర్ణించుట ఆచారము. ఆ ప్రాశస్త్యము నెరుగనివారు ఈ పందిటిలో లేరు గనుక, నేను ఆచరణకు సంబంధించిన ఒక చిన్న విషయమును మాత్రమే ప్రస్తావించెదను.

నేడు మన చందాదారులలో అనేకుల ఇండ్లకు ఇంటర్నెట్టు వచ్చినది. పాత తెలుగు పుస్తకముల ప్రతులను, ఉచితముగా లభించు కంప్యూటరు ప్రోగ్రాములను టొరెంటు అను పద్ధతిలో దించుకొనువారు పెరుగుచున్నారు. వారి నోట తరచుగా వినవచ్చు ఫిర్యాదులు మూడు. “చుక్కచుక్కగా వచ్చుచున్నది” అనునది ఒకటి. “నూటికి తొంబదితొమ్మిది పాళ్లు వచ్చి నిలిచిపోయినది” అనునది రెండవది. “అసలు మొదలే కాలేదు, ఎవరో అడ్డగించినారు” అనునది మూడవది. ఈ మూడింటికిని కారణములు వేరు, మందులును వేరు. రోగ మెరుగక వైద్యము చేసినట్లు, తోచిన మీట నెల్ల నొక్కుటవలన చిక్కు పెరుగునే గాని తరుగదు.

ముందుగా పద్ధతి యెట్టిదో తెలిసికొందము. సాధారణముగా మనము ఒక ఫైలును కోరినపుడు అది ఒకే సర్వరునుండి వచ్చును. కోరువారు పెరిగిన కొలది ఆ సర్వరు అలసిపోవును. 2001వ సంవత్సరమున బ్రామ్ కోహెన్ అను అమెరికా దేశస్థుడు బిట్‌టొరెంట్ అను వేరొక పద్ధతిని లోకమున కందించెను. ఇందు ఫైలు అనేక ముక్కలుగా విభజింపబడును. ఒక ముక్కను పొందినవాడు తక్కిన ముక్కలకై వేచియుండగనే, తనకు వచ్చినదానిని ఇతరులకు పంపుచుండును. ప్రతి ముక్కకును వేలిముద్రవంటి గుర్తు టొరెంటు ఫైలులో వ్రాయబడి యుండును. గుర్తు సరిపోలని ముక్కను ప్రోగ్రాము త్రోసివేసి మరల తెప్పించుకొనును. కనుక పదిమంది అపరిచితులనుండి వచ్చినను ఫైలు చెడిపోదు.

ఇది ఒక విధముగా గ్రంథాలయమే. భేదమేమన, ఇచ్చట ప్రతి పాఠకుడును గ్రంథపాలకుడే. పైగా తమకు ముక్క లిచ్చుచున్నవారికే ముందుగా ముక్క లిచ్చుట ఈ ప్రోగ్రాముల స్వభావము. క్రొత్తగా వచ్చి చేత ఏమియు లేనివానికిని అవకాశము దొరకవలెనని, సుమారు ముప్పది సెకన్ల కొకసారి ఎవరో ఒకరికి ఉచితముగా ఇచ్చిచూచుటయు కలదు. నే నీ దినమున చెప్పదలచిన ముఖ్యాంశ మిదియే: ఈ పద్ధతిలో పుచ్చుకొనుట ఇచ్చుటపై ఆధారపడి యున్నది. కావున వేగము తగ్గినపుడు వచ్చు దారిని మాత్రమే గాక పోవు దారినిగూడ పరీక్షింపవలెను.

ఇక పరీక్షల వరుస.

మొదటిది లెక్క సరిచూచుట. కంపెనీవారు వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. ప్రోగ్రాము మెగాబైట్లలో చూపును. ఎనిమిది బిట్లు ఒక బైటు. కనుక 40 మెగాబిట్ల కనెక్షనున సెకనుకు 5 మెగాబైట్లే గరిష్ఠము. ఆచరణలో అంతకు కొంత తక్కువయే వచ్చును. “నలుబది అని చెప్పి అయిదు ఇచ్చుచున్నారు” అని కోపించుట న్యాయము కాదు. అట్లే పెక్కు పథకములలో నెలకు ఇంత అని పరిమితి యుండును. అది దాటిన పిమ్మట వేగము బాగుగా తగ్గును. ముందు ఆ పరిమితి దాటినదేమో చూడుడు.

రెండవది ఫైలును పంచువారు ఉన్నారో లేరో చూచుట. ఫైలు సంపూర్ణముగా కలవారిని సీడ్లు అందురు. సీడ్లు లేనిచో మీ కనెక్షను ఎంత గొప్పదైనను ప్రయోజనము లేదు. నూటికి తొంబదితొమ్మిది పాళ్లు వచ్చి నిలిచిపోవుటకు చాలసార్లు కారణ మిదియే. ఉన్నవారందరికడను అవే ముక్కలు కలవు. కొరవడిన ముక్క ఎవరికడను లేదు. ప్రోగ్రాములో లభ్యత అను అంకె కనబడును. అది ఒకటికంటె తక్కువయైనచో ఆ సమయమున సంపూర్ణప్రతి ఆ సమూహమున లేదని అర్థము. అపుడు రౌటరును తిట్టి లాభము లేదు. సీడు ఎవరైన తిరిగి వచ్చువరకు వేచియుండవలెను, లేదా వేరొక ప్రతిని వెదకవలెను.

దోషము మనదో ఫైలుదో తేల్చుటకు సులభమైన ఉపాయము కలదు. ఉబుంటు, డెబియన్, లిబ్రె ఆఫీస్ మున్నగు ఉచిత ప్రోగ్రాములను వాటి సంస్థలే టొరెంటుద్వారా అందించుచున్నవి. వాటి తాజా ప్రతులకు సీడ్లు సమృద్ధిగా ఉందురు. వానిలో నొకదానిని దించి చూడుడు. అది వేగముగా వచ్చినచో మీ ఇంటి ఏర్పాటు నిక్షేపముగా నున్నది. కొరత మీరు కోరిన ఫైలునకే. అదియు నెమ్మదిగా వచ్చినచో, ఇంటిలోగాని దారిలోగాని దోష మున్నది.

మూడవది ఇల్లు చక్కబెట్టుకొనుట. కంప్యూటరును వైఫైమీద గాక తీగతో రౌటరునకు కలిపి చూడుడు. గోడలు, ప్రక్కింటి వైఫైలు వేగమును హరించును. తీగతో చక్కగా వచ్చినచో కారణము తేలినట్లే. పెన్‌డ్రైవులోనికి నేరుగా దించుకొనువారు మరియొక సంగతి గమనింపవలెను. ఫ్యాట్ 32 అను విధానమున సిద్ధము చేసిన డ్రైవులో 4 గిగాబైట్లకు మించిన ఒకే ఫైలు పట్టదు. ఫైలు మధ్యలో ఆగిపోయి ప్రోగ్రాము తప్పు చూపినచో ఇదియు ఒక కారణము కావచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది, అన్నిటికంటె తక్కువమంది ఎరిగినది, అప్‌లోడు సంగతి. మనకు ముక్క లందినపుడెల్ల “అందినది” అని పంపినవానికి మన కంప్యూటరు రసీదు పంపుచుండును. ఆ రసీదును పోవు దారినే పోవలెను. ఆ దారినంతను మనము ఇతరులకు పంపు ముక్కలతో నింపివేసినచో రసీదులు ఇరుకున పడును. రసీదు రాకపోవుటచే అవతలివాడు పంపుట మందగించును. ఇంటిలో తక్కినవారి వీడియో పాఠములును ఆగిపోవును. ఇరుకువీథిలో ఎడ్లబండ్లు ఎదురెదురుగా నిలిచిన చందమిది.

దీనికి మందు అప్‌లోడునకు హద్దు పెట్టుట. ముందుగా వేగపరీక్ష చేసి మీ అప్‌లోడు ఎంతయో తెలిసికొనుడు. అందు నూటికి ఎనుబది పాళ్లను హద్దుగా నిర్ణయింపుడు. ఉదాహరణకు అప్‌లోడు 8 మెగాబిట్లయినచో అది సెకనుకు 1 మెగాబైటు, అనగా సుమారు 1000 కిలోబైట్లు; 800 కిలోబైట్లు హద్దుగా పెట్టవచ్చును. కొందరు వేగము పెరుగునన్న ఆశతో అప్‌లోడును అత్యల్పము చేయుదురు. అది వికటించును. ఇచ్చువానికే ముందుగా ఇచ్చు సమూహమున ఏమియు ఇయ్యనివాని వంతు కడపట వచ్చును. పూర్తిగా తెరచుటయు తప్పే, పూర్తిగా బిగించుటయు తప్పే.

ఏకకాలమున వందలకొలది కనెక్షనులు తెరచినను చిన్న రౌటరులు తడబడును. మొత్తము రెండు వందలకు మించకుండ పెట్టి చూచుట మంచిది.

నాలుగవది వాకిలి చూచుట. బయటివారు మనకడకు వచ్చుటకు పోర్టు అను వాకిలి యొకటి తెరచియుండవలెను. అది మూసియున్నను మనము బయటికి పోయి ఇతరులను కలిసికొనగలము. కాని వారు మనలను వెదకికొని రాలేరు. ఇద్దరును వాకిళ్లు మూసికొని కూర్చున్నచో, సాధారణముగా ఒకరినొకరు కలియజాలరు. పెద్ద సమూహమున ఈ లోపము అంతగా తెలియదు. నలుగురైదుగురు మాత్రమే ఉన్న అరుదైన పుస్తకము విషయమున నిదియే పెద్ద ఆటంకము.

ప్రోగ్రాములో ఒక పోర్టు సంఖ్యను స్థిరముగా నిర్ణయింపుడు. పూర్వమునుండి వాడుకలో నున్న 6881 మొదలు 6889 వరకు గల సంఖ్యలను విడిచి, 49152 మొదలు 65535 లోపల నొకటి ఎన్నుకొనుడు. రౌటరులో యూపీఎన్‌పీ అను సదుపాయ మున్నచో అది తనంతట వాకిలి తెరచును. లేనిచో పోర్టు ఫార్వర్డింగ్ అనుచోట ఆ సంఖ్యను మీ కంప్యూటరునకు చేర్పవలెను. విండోసు ఫైర్‌వాలు అనుమతి అడిగినపుడు పొరపాటున కాదన్నచో, ఆ ప్రోగ్రామునకు మాత్రము అనుమతి యిండు. ఫైర్‌వాలునే తీసివేయుట మాత్రము ఎన్నడును తగదు. దొంగభయ మున్న ఊరిలో తలుపులు పీకివేసినట్లగును.

ఇవన్నియు చేసినను వాకిలి తెరచుకొననిచో రౌటరు చూపు బయటి చిరునామాను పరిశీలింపుడు. అది 100.64 మొదలు 100.127 వరకు గల అంకెలతో ఆరంభమైనచో, కంపెనీవారు ఒకే చిరునామాను అనేక గృహములకు ఉమ్మడిగా పంచియున్నారని తెలియును. ఉమ్మడి లోగిలికి ఒకే వీథితలుపు ఉన్నట్లు, దానిని తెరచుట మన చేతిలో లేదు. ప్రత్యేక చిరునామా నిండని కంపెనీవారిని అడుగవచ్చును. కొందరు అదనపు రుసుముపై ఇత్తురు. ఐపీవీ6 అను క్రొత్త చిరునామాల పద్ధతి మీ కనెక్షనున ఉన్నచో రౌటరులో దానిని అమలుచేసినను మేలు కలుగును.

అయిదవది, కడపటిది, ఎవరైన అడ్డగించుచున్నారా అను ప్రశ్న. ఇది కేవలము అనుమానము కాదు. జరిగిన చరిత్ర కలదు. 2007లో అమెరికా దేశమున రాబ్ టొపోల్‌స్కీ అను నిపుణుడు, హక్కులు తీరిన పాతకాలపు బృందగానములను టొరెంటుద్వారా పంచబోగా అవి ముందుకు సాగలేదు. అతడు ఓపికతో ఒక్కొక్క కారణమును తోసిపుచ్చుచు పరీక్షించి, కామ్‌కాస్ట్ అను కంపెనీయే ఇరుపక్షముల పేర “సంబంధము తెంచుకొంటిమి” అను దొంగసందేశములను పంపుచున్నదని కనుగొనెను. ఆ సంవత్సరము అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బైబిలు గ్రంథమును పంపిచూచి ఆ సంగతిని ధ్రువపరచెను. 2008 ఆగస్టులో అచ్చటి ప్రభుత్వ సంఘము ఆ పద్ధతిని మానుమని ఆజ్ఞాపించెను. 2010 ఏప్రిలులో న్యాయస్థానము ఆ సంఘమునకు అట్టి అధికారము లేదని ఆజ్ఞను కొట్టివేసెను. కాని ఆలోపుగనే కంపెనీ తన పద్ధతిని మార్చుకొనెను. మన దేశమున ట్రాయ్ సంస్థ 2017 నవంబరులో చేసిన సిఫారసులను ఆమోదించి, 2018 జూలైలో కేంద్ర టెలికాం శాఖ, సమాచారముల మధ్య పక్షపాతము చూపరాదను నియమమును అంగీకరించినది. సహేతుకమైన రద్దీ నియంత్రణకు మాత్రము అందు అవకాశ మున్నది.

అనుమానము కలిగినచో ఇట్లు చేయుడు. ఒకే ఫైలును ఉదయము, సాయంకాలము, అర్ధరాత్రి దించి వేగము వ్రాసికొనుడు. అదే సమయమున మామూలు పద్ధతిలో వచ్చు ఫైలు వేగమునుగూడ వ్రాసికొనుడు. రెండును సాయంకాలమే తగ్గినచో అది రద్దీ. టొరెంటు మాత్రమే ఎల్లవేళల తగ్గినచో, ప్రోగ్రాములో గోప్యసంకేతపు ఏర్పాటును తప్పనిసరి చేసి చూడుడు. దానితో వేగము మరల మరల పెరుగుచున్నచో అనుమానమునకు ఆధారము దొరకినట్లే. తేదీలతో, అంకెలతో కంపెనీకి ఫిర్యాదు చేసి దాని సంఖ్యను భద్రపరచుకొనుడు. తృప్తికరమైన సమాధానము రానిచో వారి అప్పీలు అధికారికి వ్రాయుడు. అంకెలుగల ఉత్తరమునకు ఉన్న బలము ఆగ్రహముగల ఉత్తరమునకు లేదు.

ఒక హెచ్చరిక. న్యాయస్థానపు ఉత్తరువుచే నిలిపిన స్థలము తెరచుకొనకుండుట మరమ్మతు చేయదగిన దోషము కాదు. టొరెంటులో పుచ్చుకొనువాడు ఆ క్షణముననే పంచువాడగును. అతని చిరునామాయు సమూహమున అందరికి కనబడును. కనుక హక్కులు గల చలనచిత్రములను, గ్రంథములను ఈ దారిని తెచ్చుకొనుట అనేకులకు నకళ్లు పంచుటయే యగును. ధర్మమైన సామగ్రికి కొదువ లేదు. మన చట్టము ననుసరించి, రచయిత జీవితకాలమున ప్రకటితమైన గ్రంథముపై హక్కులు అతని మరణానంతరము అరువది సంవత్సరముల వరకే యుండును. 1915లో గతించిన గురజాడ అప్పారావుగారి రచనలును, 1919లో గతించిన కందుకూరి వీరేశలింగముగారి రచనలును అందరి సొత్తు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థ 2012 నుండి తన నిధులను టొరెంటు రూపమునను అందించుచున్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పక్షమున స్కాను చేసిన తెలుగు గ్రంథములు వేలకొలది అందు చేరియున్నవి. హక్కులు తీరినవో లేదో చూచుకొని వానిని తెచ్చుకొనవచ్చును.

మహాశయులారా! పుస్తకము తీసికొని తిరిగి ఇయ్యనివాడు గ్రంథాలయమునకు చేయు హాని మన మెరుగుదుము. టొరెంటు సమూహమున పని ముగియగనే ప్రోగ్రామును మూసివేయువాడు చేయు హానియు నట్టిదే. అందరును అట్లు చేసినచో ఒకనాటికి కడపటి సీడు వెడలిపోవును. ఆ పుస్తకము తొంబదితొమ్మిది పాళ్ల చోట శాశ్వతముగ నిలిచిపోవును. పుచ్చుకొన్నంత తిరిగి ఇచ్చువరకైనను ప్రోగ్రామును నడువనిండు. మన గ్రంథాలయపు కంప్యూటరున, హక్కులు తీరిన తెలుగు గ్రంథములను కొన్నిటిని ఎల్లవేళల పంచుచుండునట్లు ఏర్పాటు చేయవలసినదిగా కార్యవర్గమువారిని సవినయముగ కోరుచున్నాను. ఇరువదియైదేండ్లుగా ఈ ఊరికి పుస్తకములు పంచిన సంస్థకు, తెలుగు చదువువారు ఎచ్చట నున్నను వారికి పంచుట తగిన తరువాతి మెట్టు.