గుడారంలో మొదటి రాత్రి

(గంభీరావుపేటలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొండల్లో గుడారం వేసుకుని రాత్రి గడపడం డబ్బున్నవాళ్ల సరదా అనుకుంటాం. ఆడవాళ్లకు అది హక్కుల ప్రశ్న కూడా. ఆరుబయట మనకు కొత్త కాదు. కల్లం కాడ వడ్లకు కావలి ఉన్నాం, తునికాకు కోసం చీకటితోనే అడవికి పోయాం. పని కోసమైతే ఎవరూ వద్దనలేదు. ఇష్టం కోసమంటేనే "ఆడపిల్లకు రాత్రిపూట బయటేం పని?" అంటారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా సాయంత్రం 7 నుంచి ఉదయం 6 దాకా స్త్రీలను పనిలో పెట్టుకోరాదన్నది. రక్షణ పేరుతో మనల్ని లోపల ఉంచారు గాని, బయటను క్షేమంగా మార్చలేదు.

నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణను చూడండి. లంబాడీ బిడ్డ, తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చింది. డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ పొందింది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. శిఖరం మీద ఉన్నది కాసేపే. అంతకుముందు మంచులో, గుడారాల్లో గడిపిన రాత్రులెన్నో! ఆమె ధైర్యం ఆమెదే. కాని ఆ ధైర్యానికి ఇంటివాళ్ల సమ్మతి, బడి, శిక్షకుడు, చలిబట్టలు, తోడు దొరికాయి. మన పిల్లలకు లేనిది ధైర్యం కాదు, ఈ ఏర్పాటు.

మన నర్మాల దగ్గర, ఎగువ మానేరు గట్టున మన ఆడపిల్లలు ఒక్క రాత్రి గడపాలంటే ఏం కావాలి? పదిమంది తోడు, వెలుతురు, మరుగుదొడ్డి, పిలిస్తే వచ్చే పోలీసు, తెల్లారి నిందలు వేయని ఊరు. పిల్లను ఆపే ముందు, వీటి సంగతేమిటని పంచాయతీని అడుగుదాం. చివరిదాని సంగతి మాత్రం మనల్ని మనమే అడుగుకుందాం.