గజ్జల్లో బిళ్ళ ఎందుకు కడుతుంది?



మా బడిలో ఒక పిల్లవాడి పాదంలో ముల్లు విరిగింది. మూడో రోజుకు పుండు పడింది. నాలుగో రోజుకు గజ్జల్లో ఉసిరికాయంత బిళ్ళ కట్టింది. వాళ్ళ అవ్వ భయపడి, దానిమీద వాత పెట్టించాలంది. "పుండు పాదంలో ఉంటే వాపు గజ్జల్లో ఎందుకొచ్చింది సార్?" అని వాడు నన్నడిగాడు.

మనం బిళ్ళ అంటాం, మన హోసూరు, కృష్ణగిరి తమిళంలో 'నెరి కట్టింది' అంటారు. మాట ఏదైనా సంగతి ఒకటే. అది కొత్తగా పుట్టిన గడ్డ కాదు. గజ్జల్లో, చంకల్లో, మెడలో చిక్కుడు గింజల్లాంటి లింఫు గ్రంథులు అందరికీ ఉంటాయి. కాలి నుంచి వచ్చే లింఫు ద్రవం గజ్జల్లోని గ్రంథులకే చేరుతుంది. పుండు దగ్గరి క్రిముల ముక్కలను కొన్ని కణాలు ఆ దారినే అక్కడికి మోసుకొస్తాయి.

ఆ క్రిమిని గుర్తుపట్టవలసినవి లింఫోసైట్లు అనే తెల్లకణాలు. ఇవి రక్తంలోంచి గ్రంథిలోకి, గ్రంథిలోంచి మళ్ళీ రక్తంలోకి తిరుగుతూనే ఉంటాయని ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ ఎలుకలపై ప్రయోగాలు చేసి 1959లో చూపించారు.

మరి వాటికి దారి చెప్పేదెవరు? మామిడి కాలంలో కృష్ణగిరి మండీ ఎక్కడుందో వాసనే చెబుతుంది కదా! గ్రంథిలోని సన్నని సిరల గోడలమీద కూడా కెమోకైన్లనే రసాయనాలుంటాయి. రక్తంలో కొట్టుకుపోతున్న కణం ఆ గోడకు తగిలి, దొర్లి, రసాయనం సోకగానే గట్టిగా అతుక్కుని, లోపలికి దూరుతుంది. ఒక్కో కణం ఒక్కో రకం గుర్తునే పట్టగలదు. అందుకే అది లోపల కొన్ని గంటలు వెతికి, తన గుర్తు దొరకకపోతే ఇంకో గ్రంథికి బయలుదేరుతుంది. దొరికితే మాత్రం అక్కడే నిలిచి, ఒకటి వేలుగా పెరుగుతుంది. ఆ రోజుల్లో బయటికి పోయే దారి కూడా కొంతకాలం మూసుకుంటుంది. వచ్చేవాళ్ళే గాని పోయేవాళ్ళుండరు. బిళ్ళ కట్టడమంటే ఇదే.

కాబట్టి దానికి వాత పెట్టకండి, పొడవకండి, నలపకండి. పుండుకు వైద్యం చేయించండి. మా పిల్లవాడికి ముల్లు తీయించి, ధనుర్వాతం సూది వేయించాక బిళ్ళ తానే కరిగింది.

ఒక్క హెచ్చరిక. బిళ్ళ రెండు వారాలు దాటినా తగ్గకపోతే, ముఖ్యంగా మెడలో నొప్పి లేకుండా పెరుగుతుంటే, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే, నిర్లక్ష్యం చేయకండి. పెద్దలు కంఠమాల అనేది చాలాసార్లు క్షయే. ప్రభుత్వ ఆసుపత్రిలో దానికి పరీక్షా, మందులూ ఉచితం. మందులు పూర్తిగా వాడితే నయమవుతుంది.