అంబులెన్సు కార్మికులు యూనియన్‌లో చేరవలెనా?
(అండమాన్‌లో తపాలా, రైల్వే ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఇక్కడి తపాలా ఉద్యోగులున్నారు. సముద్రం దాటి వచ్చిన రైల్వే మిత్రులున్నారు. వెనుక వరుసలో అంబులెన్సులు నడిపే తమ్ముళ్లు కొందరు కూర్చుని ఉన్నారు. వారి ముందు ఇప్పుడొక ప్రశ్న ఉన్నది. అందరూ సమావేశమై, ఓటు వేసుకొని, యూనియన్‌లో చేరవలెనా, వద్దా? నన్ను సలహా అడిగారు. నా అభిప్రాయం దాచుకోను. చేరవలెను. ఎందుకు చేరవలెనో, చేరినంత మాత్రాన ఏవి రావో, మనవంటి పాత సంఘాలవారి బాధ్యత ఏమిటో, ఈ మూడు విషయాలు మనవి చేస్తాను.

రైల్వే సోదరులలో చాలామందికి ఈ దీవులు కొత్త. ఇక్కడ రైలు నడవదు. చెన్నైకి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 3,80,581. అందులో దాదాపు 13 శాతం తెలుగు మాట్లాడేవారు. వారిలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చినవారు, వారి సంతానం. పెద్ద జబ్బు చేస్తే ఇన్ని దీవులవారికీ దిక్కు, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టు బ్లెయిర్‌లోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి.

మాయాబందర్ నుంచి ఒక రోగిని అక్కడికి చేర్చడమంటే ఏమిటో ఊహించండి. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద గంటల కొద్దీ ప్రయాణం. మిడిల్ స్ట్రెయిట్ వద్ద వాహనాన్ని ఫెర్రీ మీదికి ఎక్కించి జలసంధి దాటవలెను. ఆ తరువాత జరావాల రిజర్వు ప్రాంతం. ఆ దారిలో సాధారణ వాహనాలు నిర్ణీత వేళల్లో, కాన్వాయిగా మాత్రమే కదులుతాయి. ఈ దారి పొడవునా వెనుక ఒక ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. ముందు సీటులో ఒక మనిషి నిద్ర ఆపుకొని చక్రం పట్టుకొని ఉంటాడు. నేను ఇవాళ మాట్లాడేది ఆ మనిషి గురించి.

ఒక తమ్ముడు నన్నడిగాడు: "అన్నా, మేము సమ్మె చేసిన రోజున ఒక రోగి చనిపోతే ఆ పాపం ఎవరిది?"

ఇలా అడిగినవాడు మంచి మనసు గలవాడు. కనుక తప్పించుకోకుండా జవాబు చెప్పవలెను. యూనియన్ అంటే సమ్మె ఒక్కటే కాదు. సమ్మె దాని చివరి ఆయుధం. మొదటి ఆయుధం నోరు. బ్రేకులు సరిగా లేవని, ఆక్సిజన్ సిలిండరు నిండుకున్నదని, వరుసగా రెండో షిఫ్టు చేయలేనని కాంట్రాక్టు మనిషి ఒంటరిగా చెబితే ఏమవుతుంది? మరుసటి నెల అతని పేరు జాబితాలో ఉంటుందో లేదో! అందుచేత నోరు మూసుకుంటాడు. ఆ మౌనానికి మూల్యం చెల్లించేది రోగి. అదే మాట సంఘం లెటర్‌హెడ్ మీద, కార్యదర్శి సంతకంతో వెళితే అది ఒకరి ఫిర్యాదు కాదు, అందరి కోరిక.

ఇది రైల్వేవారికి నేను నేర్పవలసిన పాఠం కాదు. గంటల లెక్క లేకుండా ఇంజను మీద నిలబెట్టిన రోజులకు వ్యతిరేకంగా 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది పోరాడి, పది గంటల పని పరిమితికి ప్రభుత్వం చేత ఒప్పించారు. 1974 మే 8న మొదలైన మహా సమ్మెలో ఎనిమిది గంటల పని కోరిక మళ్లీ ముందుకు వచ్చింది. అది డ్రైవరు సుఖం కోసమేనా? కునుకు పట్టిన డ్రైవరు వెనుక వందల మంది ప్రయాణికులున్నారు. అంబులెన్సు వెనుక ఉన్నది ఒక్కరే కావచ్చు. కాని న్యాయం ఒక్కటే.

సమ్మె దాకా వచ్చినా దారి మూసుకుపోదు. బ్రిటన్‌లో 1989 సెప్టెంబరులో అంబులెన్సు సిబ్బంది వేతనాల కోసం ఆందోళనకు దిగారు. ఓవర్‌టైము మానివేశారు గాని, ప్రాణాపాయపు పిలుపులకు వెళ్లడం మానబోమని ప్రకటించారు. ప్రభుత్వం పోలీసులను, సైన్యాన్ని దింపింది. ప్రజలు మాత్రం సిబ్బంది పక్షాన నిలిచారు. 40 లక్షలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు అర్జీ వెళ్లింది. 1990 ఆరంభంలో ఒప్పందం కుదిరింది. కనుక తమ్ముడూ, మీ సంఘం నియమావళిలో మొదటి పంక్తిగా ఇదే రాసుకోండి: ప్రాణాపాయపు పిలుపును ఆపము. ఆ ఒక్క వాక్యం మీకు ప్రజల అండ తెచ్చిపెడుతుంది.

ఇక మన తెలుగునాట అనుభవం చూడండి. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ మొదలైంది. సత్యం కుంభకోణం బయటపడిన 2009లో నిర్వహణ చేతులు మారింది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ఒక సంస్థ, 2020లో మరొక సంస్థ వచ్చాయి. బండి అదే, డ్రైవరు అతడే, యజమాని మాత్రం మారుతూ పోయాడు. యజమాని మారినప్పుడల్లా సర్వీసు మాటేమిటి, బకాయిల మాటేమిటి అని అడగడానికి ఒక గొంతు కావలసి వచ్చింది. ఉద్యోగులు సంఘాలు పెట్టుకున్నారు. అర్జీలు పెట్టారు, నోటీసులిచ్చారు, వీధికెక్కారు. 2020 జూలై 1న సర్వీసును బట్టి డ్రైవర్లకు 28,000 రూపాయల వరకు, వైద్య సహాయకులకు 30,000 వరకు వేతనాన్ని ప్రభుత్వం ప్రకటించింది. ప్రభుత్వం దయతో ఇచ్చిందని కొందరంటారు. ఏళ్ల తరబడి అడిగిన గొంతులు లేకపోతే ఆ దయ పుట్టేదా?

ఇప్పుడు రెండో విషయం. యూనియన్ మంత్రదండం కాదు. ఈ దీవుల అనుభవమే చెబుతాను. అండమాన్ పరిపాలన కింద పనిచేసే సుమారు 4,000 మంది దినవేతన మజ్దూర్ల వేతనం, కరువు భత్యం విషయమై వారి సంఘం కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. ఉత్తర్వులు అమలు కాలేదని 2023 ఆగస్టు 3న ఇక్కడి సర్క్యూట్ బెంచి ప్రధాన కార్యదర్శిని సస్పెండు చేసి, లెఫ్టినెంట్ గవర్నరుకు 5 లక్షల రూపాయల జరిమానా విధించింది. మరుసటి రోజే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. రెండు పాఠాలూ గుర్తుంచుకోండి. రోజుకూలీ మనిషి తన మాటను అంత ఎత్తుకు తీసుకుపోగలిగాడంటే అది సంఘబలం. అంత ఎత్తుకు వెళ్లినా విజయం ఒక్క రాత్రిలో చేతికి రాదు. చందా కట్టిన నెలలోనే పర్మినెంటు ఉత్తర్వు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల స్మృతి అమలులోకి వచ్చింది. ఒకటికి మించి సంఘాలున్నచోట 51 శాతం కార్మికుల మద్దతు ఉన్న సంఘమే యాజమాన్యంతో బేరమాడే సంఘం. అది ఎవరికీ లేకపోతే 20 శాతానికి తగ్గని సంఘాలతో మండలి ఏర్పడుతుంది. సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వవలెను. అంటే పదిమంది ఉత్సాహవంతులు చేరితే చాలదు. రాత్రి షిఫ్టువారినీ, వైద్య సహాయకులైన చెల్లెళ్లనూ, దూరపు దీవులలో ఉన్నవారినీ కలుపుకోవలెను. ఓటు రహస్యంగా జరపండి. 2007లోనూ, 2013లోనూ, 2024 డిసెంబరులోనూ రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాలను ఎన్నుకున్న రైల్వేవారు ఆ పద్ధతి మీకు నేర్పగలరు. వద్దని ఓటు వేసినవాడిని శత్రువుగా చూడవద్దు. రేపు అతని కష్టానికీ మీరే నిలబడవలెను.

చివరిగా మన సంగతి. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉన్నది. మన సంఘాలకు ఆఫీసు గది ఉన్నది, గుర్తింపు ఉన్నది, చర్చల బల్ల దగ్గర కుర్చీ ఉన్నది. ఇవన్నీ మన పెద్దలు ఉద్యోగాలు పోగొట్టుకొని, జైళ్లకు వెళ్లి సంపాదించి పెట్టినవి. అయినా అదే కప్పు కింద పనిచేసే కాంట్రాక్టు మనిషి మన గుమ్మం దగ్గరికి వస్తే, "నీది మా కేడరు కాదు" అని ఎన్నిసార్లు అనలేదు? గ్రామీణ డాక్ సేవకులు ఎన్నేళ్లుగా పక్కన నిలబడి చూస్తున్నారు? రైలు పెట్టెలు శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికుని జీతం చీటీ మనలో ఎందరు చూశాము?

కనుక నేటి నుంచి మూడు పనులు చేద్దాం. వారి సమావేశానికి మన గది ఇద్దాం. అర్జీ రాయడం, పద్దు పుస్తకం నడపడం తెలిసిన ఇద్దరిని ఆరు నెలలు వారికి తోడుగా పంపుదాం. వారిలో ఒకరిని యూనియన్ పెట్టినందుకు పనిలోంచి తీసివేస్తే, అది మన వాడికి జరిగినట్లే భావించి గేటు ముందు నిలబడదాం. అంతకు మించి పెత్తనం మనకు వద్దు. వారి సంఘం వారిదే.

తమ్ముళ్లారా, రేపు ఓటు వేసేటప్పుడు నా మాట గుర్తుకు రానక్కరలేదు. ఫెర్రీ కోసం ఎదురుచూసిన రాత్రినీ, వెనుక నుంచి వినిపించిన మూలుగునూ తలచుకోండి. ఆ రాత్రి బండి బాగుండి, మీరు నిద్ర చాలిన కళ్లతో ఉండడానికి ఏది అవసరమో ఆలోచించి ఓటు వేయండి.

సెలవు.